అరంగుళం

గోడ పగలగొట్టాక
కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.
ఇటుకల మధ్య, తడి సిమెంటు వాసనలో
ఇరవై ఏడేళ్ళుగా మా ఇంటికి నీళ్ళు నడిచొచ్చిన దారి
బట్టబయలుగా పడి ఉంది.

దాలినాయుడు హాక్సా బ్లేడుతో కోసి
జానెడు ముక్క నా చేతిలో పెట్టాడు.
"ఊదండి" అన్నాడు.
ఊదాను. గాలి తిరిగి నా మొహానికే కొట్టింది.
పేరుకి అరంగుళం పైపు,
లోపల పెన్సిలు కూడా దూరదు.
తుప్పు, దాని మీద తుప్పు,
పులుసు మాడిన మూకుడు అడుగులా.

కింది వాటా ఫాతిమున్నీసా గారు
అప్పటికి మూడుసార్లు మెట్లెక్కారు.
కుట్టుమిషను పక్కన చుక్క పడుతోందని
స్టీలు గిన్నె పెట్టారట.
చప్పుడుకి నిద్రపట్టక
గిన్నెలో పాత లైనింగు గుడ్డ వేశారట.
ఈసారి గట్టిగా అడుగుదామనే వచ్చారు.
గోడలో కంత చూసి
"మీకింత పనుందా పాపం" అని దిగిపోయారు.

నేను హార్బరులో టాలీ గుమాస్తాని.
ముప్ఫై మూడేళ్ళు పైపులు లెక్కపెట్టాను.
ఓడ కడుపులోంచి క్రేను తీసే కట్టలు,
ఎవరెవరి ఊళ్ళకో పోయే ఇనుము.
నాలుగు నిలువు గీతలు, ఒకటి అడ్డం.
ఒక్కదాని లోపలికీ
కన్ను పెట్టి చూసిన పాపాన పోలేదు.

పూర్ణామార్కెట్ వెనక సందులో కొట్టు.
కుర్రాడు తలెత్తకుండానే అడిగాడు:
"ఇనుమా? తెల్లదా? మీగడరంగుదా?"
టీయా కాఫీయా అన్నట్టు.
అద్దం వెనక రాగిది కూడా ఉంది,
కొత్త చెంబులా ఎర్రగా.
అడుగు ధర విని
కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి తీసేశాను.

దాలినాయుడు బీడీ ఆర్పి చెప్పాడు:
"గీజరు లైనుకి తెల్లది ఒద్దండి,
వేడికి ఒంగిపోద్ది.
మీగడది ఓర్సుకుంటాది.
కానీ డాబా మీద ఎండకి అదీ పెళుసైపోద్ది,
రంగు పూసీయాల.
ఇనుము ఎండకి బెదరదు,
ఈ ఉప్పుగాలే దాన్ని తినీస్తాది.
సముద్రం పక్కన కాపరం బాబూ,
దేన్నీ పూర్తిగా నమ్మకండి.
దేనికెంత పనో అంతే సెప్పండి."

మొత్తం మార్చడానికి డబ్బు లేదు.
గోడలోది మీగడరంగు,
మీటరు దగ్గరది పాత ఇనుమే.
రెండూ కలిసే చోట ఇత్తడి మరల ముక్క.
"కారితే ఇక్కడే కారతాది" అన్నాడు.
నాకు ఏదో పోలిక తట్టింది,
కొడుకూ కోడలూ అని ఏదో.
చెప్పబోయి ఊరుకున్నాను.
అతను మరల మీద తెల్ల టేపు చుడుతూ
పెదాలు కదుపుతున్నాడు:
పదకొండు, పన్నెండు, పదమూడు.
లెక్కపెట్టేవాణ్ణి కదిలించకూడదని
నాకు తెలుసు.

జిగురు ఆరేదాకా నీళ్ళు ఒదలొద్దన్నాడు.
ఆ రాత్రి వంటింట్లో
నాలుగు బిందెలు, రెండు బకెట్లు,
మా ఆవిడ శకుంతల కొలిచి ఇచ్చిన చెంబెడు స్నానం.
ఏ ఓడో లోపలికి వస్తూ కూత పెట్టింది.
నిద్రలో నా వేళ్ళు గీతలు గీశాయట,
దుప్పటి మీద. ఆవిడ చెప్పింది.

ఆరింటికి పావు తక్కువ, మున్సిపాలిటీ నీళ్ళు.
కుళాయి ముందు దగ్గింది,
బురద ఉమ్మింది,
ఎర్రగా, తర్వాత టీ రంగుగా,
తర్వాత ఏ రంగూ లేకుండా
ఎంత జోరుగా దూకిందంటే
శకుంతల చీర తడిసి
"కట్టండి కట్టండి" అని నవ్వు ఆపుకోలేకపోయింది.

నేను మాత్రం ఇత్తడి ముక్క కింద
అరచెయ్యి పెట్టి నిలబడ్డాను.
పొడిగానే ఉంది.
కింద నుంచి కర్రతో
కప్పు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి.
తడిసిందనో, ఆరిందనో
ముందుగా ఏ గుర్తూ అనుకోలేదు మేము.

పరుగున దిగి చూస్తే
ఆవిడ గిన్నెలో గుడ్డ తీసి పిండుతున్నారు.
"ఇంకేం పడట్లేదు" అన్నారు,
అయినా గిన్నె అక్కడే ఉంచారు.

ఒక ఎల్బో మిగిలింది.
కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు.
కిటికీలో పెట్టాను.